కాకతాళీయమా, కాకిలెక్కా: ఒకే తారీఖు కార్డుల పెట్టె

1వ రోజు

చార్లెస్ డార్విన్, అబ్రహాం లింకన్ ఇద్దరూ పుట్టింది 1809 ఫిబ్రవరి 12న. తారీఖే కాదు, ఏడాది కూడా ఒకటే. ఈ ముక్క ఎప్పుడో ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. దాని కింద ఇంకొకటి, దాని కింద మరొకటి. ఇప్పుడా పుస్తకంలో నాలుగు వందల పైచిలుకు సంఘటనలున్నాయి. ఫలానా రోజున ఏం జరిగిందో వెతకబోతే ఒక్కటీ సమయానికి దొరకదు. తోచినప్పుడల్లా రాసుకున్నవి, తారీఖుల వరుసలో ఎందుకుంటాయి?

అందుకని ఈ పెట్టె. ఒక్కో సంఘటనకు ఒక్కో కార్డు. ఏడాది ఏదైనా కానీ, నెలా రోజూ కలిసిన కార్డులు పక్కపక్కన చేరాలి. కంప్యూటర్లో పెడితే నిమిషంలో తేలిపోయే పని అని నాకూ తెలుసు. కానీ తెర మీద జాబితా చూస్తుంటే చూపు జారిపోతుంది. చేత్తో కార్డు రాస్తే ప్రతి తారీఖు దగ్గరా ఒక్క క్షణం ఆగి "ఇది నిజమేనా?" అనుకోక తప్పదు.

ఎంచుకున్న పద్ధతి అంచు చిల్లుల కార్డులు. కంప్యూటర్లు అందరికీ అందక ముందు గ్రంథాలయాల్లో, ప్రయోగశాలల్లో బాగా వాడినవే. కార్డు పై అంచున వరసగా చిల్లులుంటాయి. ఒక్కో చిల్లుకు ఒక అర్థం. ఆ అర్థం ఈ కార్డుకు వర్తిస్తే, చిల్లుకూ అంచుకూ మధ్య ఉన్న కాగితాన్ని కత్తిరించేస్తాం. చిల్లు కాస్తా గాటు అవుతుంది. కార్డులన్నీ దొంతిగా పట్టుకుని ఆ చిల్లులోంచి సూది దూర్చి పైకెత్తితే, గాటున్నవి కింద రాలిపోతాయి, లేనివి సూదికి వేలాడతాయి. అంతే యంత్రం.

నెలకు నాలుగు చిల్లులు: 8, 4, 2, 1. రోజుకు ఐదు: 16, 8, 4, 2, 1. నవంబర్ 9 అంటే నెల 11 కాబట్టి 8, 2, 1 దగ్గర గాట్లు, రోజు 9 కాబట్టి 8, 1 దగ్గర గాట్లు. జూన్ 28 అయితే నెలకు 4, 2, రోజుకు 16, 8, 4. తొమ్మిది చిల్లులతో ఏడాది మొత్తం సరిపోయింది. చివర్న ఇంకో మూడు చిల్లులు ఖాళీగా వదిలాను. వాటితో ఏం చేయాలో ఇంకా తెలియదు. ఎందుకైనా మంచిదని.

2వ రోజు

కార్డు కొలత 5 అంగుళాలు × 3 అంగుళాలు. ఆఫీసు పంచ్ వేసే చిల్లు 6 మిల్లీమీటర్లుంటుంది. చిల్లుకూ చిల్లుకూ మధ్య, కేంద్రం నుంచి కేంద్రానికి, 10 మిల్లీమీటర్లు. పన్నెండు చిల్లులు పోగా రెండు పక్కలా కాస్త చోటు మిగిలింది. దళసరి అట్ట మీద కొలిచి ఒక అచ్చు చేసుకుని, దాన్ని బట్టి పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుంటూ పంచ్ చేశాను. కుడి పై మూల ఏటవాలుగా కత్తిరించాను. ఏ కార్డయినా తిరగబడితే దొంతిలో ఆ మూల పొడుచుకొచ్చి ఇట్టే దొరికిపోతుంది.

మామూలు తెల్ల కాగితంతో చేసిన మొదటి ఇరవై కార్డులు పనికిరాలేదు. వంగిపోయి ఒకదాన్నొకటి పట్టుకుంటున్నాయి, రాలాల్సినవి రాలడం లేదు. 250 జీఎస్ఎం దళసరి కాగితానికి మారాను. సూదికి ఊలు అల్లే సూదే వాడుతున్నా.

5వ రోజు

అరవై కార్డులతో మొదటి పరీక్ష. రోజు 1 చిల్లుతో మొదలుపెట్టి, రాలిన వాటిని రాలని వాటి వెనక పెట్టుకుంటూ, 2, 4, 8, 16, ఆ తర్వాత నెల చిల్లులు. తొమ్మిది సార్లు సూది దూర్చేసరికి, ఎలా కలిపినా సరే, దొంతి జనవరి నుంచి డిసెంబర్ దాకా వరసలో నిలబడింది. మొదటిసారి చూసినప్పుడు గారడీలాగే అనిపించింది. ఒకే ఒక్క నియమం: రాలిన కార్డుల్లో వాటిలో వాటికి వరస చెదరకూడదు. చెదిరితే మళ్ళీ మొదటికే. కార్డులు నేల మీద చెల్లాచెదురు కాకుండా కింద అట్టపెట్టె పెట్టాను.

వరస కుదిరింది కదా అని తిరగేస్తుంటే ఒకచోట తమాషా. వివేకానందుడు షికాగో సర్వమత మహాసభలో మాట్లాడిన 1893 నాటి కార్డు, బెర్లిన్ గోడ తెరుచుకున్న 1989 నాటి కార్డు పక్కపక్కన కూర్చున్నాయి. నోటుపుస్తకంలో రెండింటికీ 9/11 అనే రాసుకున్నాను. ఒకటి అమెరికా పద్ధతి, సెప్టెంబర్ 11. రెండోది నవంబర్ 9. ఏ పుస్తకంలో చూస్తే ఆ పద్ధతిలోనే దించేసుకున్నానన్న మాట.

ఇది ఎంత ప్రమాదమో లెక్క వేశాను. నెల అంకెగానూ రోజు అంకెగానూ చదవగలిగిన జతలు 12 × 12 = 144. అందులో 1/1, 2/2 లాంటి పన్నెండింటికి ఎటు చదివినా బాధ లేదు. మిగిలిన 132 తారీఖులు ఎటు చదివితే అటు పోతాయి. ఏడాదిలో మూడో వంతుకు పైనే. నోటుపుస్తకంలో గీత పెట్టి రాసిన తారీఖులన్నీ మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాల్సి వచ్చింది. ఇకమీదట నెల పేరు అక్షరాల్లోనే.

9వ రోజు

అర్ధరాత్రి గొడవ.

లింకన్ మీద కాల్పులు 1865 ఏప్రిల్ 14 రాత్రి, ప్రాణం పోయింది 15 ఉదయం. టైటానిక్ మంచుకొండను తాకింది 1912 ఏప్రిల్ 14 రాత్రి 11:40కి, మునిగిపోయింది 15 తెల్లవారుజామున 2:20కి. రెండు దుర్ఘటనలూ అవే రెండు తారీఖుల మధ్య అర్ధరాత్రిని దాటాయి. పుస్తకాల్లో కొందరు 14 అంటారు, కొందరు 15. ఇద్దరిదీ తప్పు కాదు. రెండు ఘటనలకూ రెండేసి కార్డులు రాశాను.

సరే, అర్ధరాత్రి ఎవరిది? హవాయిలో పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడింది 1941 డిసెంబర్ 7 ఉదయం. ఆ క్షణానికి జపాన్‌లో డిసెంబర్ 8. ఐరోపాలో రెండో ప్రపంచయుద్ధం ముగిసిన గడియ మధ్య ఐరోపా కాలమానంలో 1945 మే 8 రాత్రి 11:01, మాస్కోలో అప్పటికే మే 9. అందుకే ఒక యుద్ధానికి రెండు విజయ దినాలు. పసిఫిక్‌లో అమెరికా పేల్చిన మొదటి హైడ్రోజన్ బాంబుకు అక్కడి తారీఖు 1952 నవంబర్ 1, గ్రీనిచ్ తారీఖు అక్టోబర్ 31.

నియమం పెట్టుకున్నా: జరిగిన చోట గోడ మీది క్యాలెండర్ ఏం చూపిస్తోందో అదే తారీఖు. బాగానే ఉంది, చంద్రుడి దాకా వెళ్ళేవరకు. అక్కడ గోడా లేదు, క్యాలెండరూ లేదు. చంద్రుడికి సార్వత్రిక కాలమానం వాడదామని నిర్ణయించాను. దాని ప్రకారం అపోలో 11 దిగింది 1969 జులై 20న 20:17కి. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపింది జులై 21న 02:56కి. అమెరికా పుస్తకాలన్నీ రెండింటికీ 20 అనే అంటాయి. నా పెట్టెలో 21. అననీ.

14వ రోజు

ఈ వారమంతా పాత లెక్క, కొత్త లెక్కలతోనే సరిపోయింది. ఒప్పుకోవాలి, ఈ పని మొదలుపెట్టేటప్పుడు ఇంత ఉంటుందనుకోలేదు.

పాత లెక్క అంటే జూలియన్ క్యాలెండర్. అందులో నాలుగేళ్ళకోసారి తప్పకుండా లీపు సంవత్సరం. దాంతో 400 ఏళ్ళలో సుమారు మూడు రోజులు ఎక్కువైపోతాయి. పోగుపడిన తేడాను సరిదిద్దడానికి పోప్ 13వ గ్రెగరీ 1582లో పది రోజులు తీసేశాడు. ఆయన తెచ్చిన గ్రెగోరియన్ క్యాలెండరే కొత్త లెక్క. స్పెయిన్, పోర్చుగల్, ఇటలీలో అత్యధిక భాగం అక్టోబర్ 4 గురువారం రాత్రి పడుకుని అక్టోబర్ 15 శుక్రవారం నాడు లేచాయి. ఇంగ్లండ్ మాత్రం 170 ఏళ్ళు మొండికేసి 1752లో మారింది. అప్పటికి తేడా పదకొండు రోజులు. రష్యా 1918 దాకా ఆగింది, తేడా పదమూడు.

అంటే ఒకే తారీఖు రెండు దేశాల్లో రెండు వేర్వేరు రోజులు. షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెజ్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23నే పోయారన్నది నా నోటుపుస్తకంలో అండర్‌లైన్ చేసుకున్న ముక్క. ఇప్పుడు చూస్తే, స్పెయిన్‌ది కొత్త లెక్క, ఇంగ్లండ్‌ది పాత లెక్క. షేక్‌స్పియర్ పోయిన రోజు కొత్త లెక్కలో మే 3. పదిరోజుల ఎడం. పైగా సెర్వాంటెజ్ పోయింది 22న, ఖననం జరిగింది 23న అంటారు. యునెస్కో ప్రపంచ పుస్తక దినానికి ఏప్రిల్ 23నే ఎంచుకుంది. ముచ్చటైన ఎంపికే, కానీ పునాది పాత లెక్క మీద.

గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడన్న మాటా ఇలాంటిదే. గెలీలియో మరణం 1642 జనవరి 8, ఇటలీలో కొత్త లెక్క. న్యూటన్ పుట్టుక 1642 డిసెంబర్ 25, ఇంగ్లండ్‌లో పాత లెక్క. కొత్త లెక్కలోకి మారిస్తే 1643 జనవరి 4. ఒకరికి ఒక కొలబద్ద, ఇంకొకరికి ఇంకో కొలబద్ద పెడితేనే ఏడాది కలుస్తుంది.

వీటిని పట్టుకోవడానికి మంచి ఉపాయం దొరికింది: వారం పేరు. క్యాలెండర్ మారినా వారాల వరస తెగలేదు. గురువారం తర్వాత శుక్రవారమే వచ్చింది. కొత్త లెక్కలో 400 ఏళ్ళకు 1,46,097 రోజులు, ఏడుతో శేషం లేకుండా భాగించబడుతుంది. కాబట్టి 1616 క్యాలెండర్ కావాలంటే 2016 క్యాలెండర్ తీస్తే చాలు. 2016 ఏప్రిల్ 23 శనివారం, మే 3 మంగళవారం. అంటే స్పెయిన్ వాళ్ళ ఏప్రిల్ 23 శనివారం, ఇంగ్లండ్ వాళ్ళ ఏప్రిల్ 23 మంగళవారం. ఒకే రోజున శనివారం, మంగళవారం రెండూ ఉండవు కదా! ఇప్పుడు ప్రతి పాత కార్డు వెనకాల వారం పేరు కూడా రాస్తున్నాను. మూలంలో వారం ఇచ్చి ఉంటే ఏ లెక్కో అక్కడే తేలిపోతుంది.

అన్నిటికన్నా తికమక పెట్టింది జూన్ 28. సెర్బులకు అది విదోవ్‌దాన్, 1389 నాటి కొసొవో యుద్ధం జ్ఞాపకదినం. 1914లో సరిగ్గా ఆ రోజునే సరయేవోలో ఆస్ట్రియా యువరాజు ఆర్చ్‌డ్యూక్ ఫెర్డినాండ్ హత్య జరిగింది. కానీ 1389 యుద్ధం తారీఖు పాత లెక్కలో జూన్ 15. ఆ శతాబ్దంలో తేడా ఎనిమిది రోజులే కాబట్టి, కొత్త లెక్కలోకి నిజంగా మారిస్తే జూన్ 23 రావాలి. మరి 28 ఎక్కడిది? చర్చి పాత లెక్కలోని జూన్ 15నే పట్టుకుని కూర్చుంది. ఇరవయ్యో శతాబ్దానికి తేడా పదమూడు రోజులకు పెరిగి, ఆ పండుగ కొత్త లెక్కలో 28కి జరిగింది. ఖగోళం లెక్కలో రెండు ఘటనలూ వేర్వేరు రోజులు. జనం జ్ఞాపకంలో ఒకటే రోజు. కార్డు ఎక్కడ పెట్టను? ఎటూ తేల్చుకోలేక రోజంతా బల్ల మీదే ఉంచాను. చివరికి 28లోనే పెట్టి, వెనకాల ఈ కథంతా రాశాను.

17వ రోజు

ఫిబ్రవరి 29కి ఇప్పటికి ఐదు కార్డులు. 1504లో కొలంబస్ జమైకాలో చంద్రగ్రహణాన్ని ముందే చెప్పి అక్కడివాళ్ళను హడలగొట్టింది ఆ రోజే. 1896లో మొరార్జీ దేశాయ్ పుట్టిందీ ఆ రోజే.

ఫిబ్రవరి 30కి ఒక కార్డు! స్వీడన్ నెమ్మదిగా కొత్త లెక్కలోకి జారుకుందామని 1700లో లీపు రోజు వదిలేసింది. తర్వాత మనసు మార్చుకుని పాత లెక్కకే తిరిగి వెళ్ళాలనుకుని 1712లో ఫిబ్రవరికి రెండు రోజులు కలిపింది. ప్రపంచంలో మరెక్కడా లేని 1712 ఫిబ్రవరి 30 అలా వచ్చింది. నా చిల్లులు 31 దాకా లెక్క పెట్టగలవు కాబట్టి కార్డుకు ఇబ్బంది లేదు.

వారాలు సరిచూద్దామని పేరున్న ఒక స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ తెరిస్తే అది 1900 ఫిబ్రవరి 29 కూడా ఉందంటోంది. 1900 లీపు సంవత్సరం కాదు. దానికి మాత్రం కార్డు రాయలేదు.

24వ రోజు

కార్డులు ఏడు వందలు దాటాయి. అక్క వచ్చి దొంతి తిరగేసింది. హాకింగ్ కార్డులు చూపించాను. స్టీఫెన్ హాకింగ్ పుట్టింది 1942 జనవరి 8, గెలీలియో పోయి సరిగ్గా 300 ఏళ్ళు. పోయింది 2018 మార్చి 14, ఐన్‌స్టయిన్ పుట్టినరోజు. ఇక్కడ లెక్క తేడా కూడా లేదు, అన్నీ కొత్త లెక్కే.

"మార్చి 14న ఇంకెవరున్నార్రా?" అంది.

"కార్ల్ మార్క్స్. 1883లో పోయాడు."

"మరి ఆయన గురించి ఎవరూ ఆశ్చర్యపోరేం? నీకు కలిసినవే కనిపిస్తాయి. కలవనివి, ఖాళీగా ఉన్న రోజులు ఎన్నో ఎప్పుడైనా లెక్కపెట్టావా?"

లెక్కపెట్టలేదు. హాకింగ్ మాత్రం ఇలాంటి మాటే అన్నాడు, తను పుట్టిన రోజున ఇంకో రెండు లక్షల మంది పిల్లలు పుట్టి ఉంటారని.

31వ రోజు

కార్డులు వెయ్యి అయ్యాక లెక్కపెట్టాను. కష్టపడి ఖాళీలు నింపడానికి ప్రయత్నించలేదు. తగిలినవి తగిలినట్టు రాశాను.

ముందు చిన్న పరీక్ష. దొంతిని బాగా కలిపి 23 కార్డులు తీయడం, అందులో తారీఖు కలిసిన జత ఉందా చూడటం. 23 మంది ఉన్న గదిలో ఇద్దరి పుట్టినరోజు కలిసే అవకాశం సగానికి కాస్త ఎక్కువ అన్నది తెలిసిన లెక్కే. పదిసార్లు తీస్తే ఆరుసార్లు జత దొరికింది. తెలిసినా ప్రతిసారీ ఆశ్చర్యమే.

ఇక వెయ్యి కార్డుల సంగతి. గుడ్డిగా 365 అరల్లోకి వెయ్యి కార్డులు విసిరితే అరకు సగటున 2.7 పడతాయి. అయినా దాదాపు 24 అరలు ఖాళీగా మిగులుతాయి. ఏదో ఒక అరలో ఎనిమిదో తొమ్మిదో పోగుపడటం మామూలే. ఏ అరా ఖాళీ లేకుండా నిండాలంటే సగటున సుమారు 2,365 కార్డులు విసరాలి. అంటే "ఒకే రోజున ఎనిమిది గొప్ప ఘటనలు!" అని నోరు తెరిచే ముందు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

నా పెట్టెలో ఖాళీలు 37. ఉండాల్సిన దానికంటే పదమూడు ఎక్కువ. ఎక్కడో కార్డులు అన్యాయంగా పోగుపడ్డాయన్న మాట. వెతకాల్సిన పనే లేదు, జనవరి 1న 41 కార్డులున్నాయి.

33వ రోజు

జనవరి 1 దొంతి బల్ల మీద పరిచాను. కొన్ని నిఖార్సయినవి. 1801లో ప్యాట్సీ సీరీస్ అనే మరుగుజ్జు గ్రహాన్ని కనిపెట్టింది ఆ రాత్రే. 1804లో హైతీ స్వతంత్రం ప్రకటించుకుంది. 1894లో సత్యేంద్రనాథ్ బోస్ పుట్టాడు. కొన్ని మనుషులు పనిగట్టుకుని పెట్టినవి: చట్టాలు, ఒప్పందాలు, 1999లో యూరో, 1983లో ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్, టీసీపీ/ఐపీ అనే కొత్త నియమాలకు మారడం. కొత్త ఏడాది నుంచి అమల్లోకి తేవడం ఎవరికైనా తోచే పనే.

మిగిలినవి చెత్త. ఏడాది మాత్రమే తెలిసి, నెలా రోజూ తెలియని సంఘటనకు జాబితాలు తయారు చేసేవాళ్ళు జనవరి 1 అని నింపేస్తారు. ఖాళీ వదిలితే యంత్రం ఊరుకోదు కాబట్టి. నేను వాటిని నమ్మి దించుకున్నా. ఒక్కోటీ సరిచూస్తే 24 కార్డులు ఎగిరిపోయాయి, 17 మిగిలాయి.

ఆ ఖాళీ మూడు చిల్లులకు పని దొరికింది ఇక్కడే. తారీఖు కలవడానికి మూడు దారులున్నాయి. ఒకటి, ఎవరో కావాలని ఆ రోజును ఎంచుకోవడం. రెండోది కాకతాళీయం: కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి. మూడోది కాకిలెక్క: క్యాలెండర్ల తేడా, గుడ్డి జనవరి 1, తిరగబడ్డ 9/11. పదో చిల్లు "కావాలని", పదకొండు "కాకతాళీయం", పన్నెండు "కాకిలెక్క". రెండింటిలో కాకులున్నాయి, వాటిని విడదీయడమే అసలు పని.

34 నుంచి 40

గాట్లు పెడుతూ కూర్చున్నా. ఒకసారి అజాగ్రత్తగా మొత్తం దొంతి మీద కత్తెర వేసి పదకొండు కార్డులకు తప్పు గాటు పెట్టాను. వెనక నుంచి సన్న కాగితం పట్టీ జిగురుతో అతికించి, ఆరాక మళ్ళీ పంచ్ చేస్తే చిల్లు తిరిగొచ్చింది.

"కావాలని" గాటు పడ్డ కార్డులు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ. డిసెంబర్ 2 చూడండి. 1804లో నెపోలియన్ చక్రవర్తిగా కిరీటం పెట్టుకున్నాడు. 1805లో ఆస్టర్‌లిట్జ్‌లో గెలిచాడు. ఆయన తమ్ముడి కొడుకు లూయీ నెపోలియన్ 1851లో కుట్రతో అధికారం పట్టడానికి ఏరికోరి ఆ తారీఖే తీసుకున్నాడు. మరుసటి ఏడాది అదే రోజున తానూ చక్రవర్తినని ప్రకటించుకున్నాడు. 1942లో షికాగోలో ఫెర్మీ మొదటి అణు రియాక్టర్‌ను నడిపిందీ డిసెంబర్ 2నే. అది మాత్రం కాకతాళీయం.

జనవరి 18 మరీ గట్టి ఉదాహరణ. 1701లో ప్రష్యా తొలి రాజు పట్టాభిషేకం. 1871లో అదే రోజు చూసుకుని వెర్సాయ్ అద్దాల మందిరంలో జర్మన్ సామ్రాజ్యాన్ని ప్రకటించారు, అదీ ఓడిన ఫ్రాన్స్ గడ్డ మీద. 1919లో పారిస్ శాంతి సభ మొదలైంది కూడా జనవరి 18నే. ప్రారంభోపన్యాసంలో ఫ్రాన్స్ అధ్యక్షుడు పొయంకారే 48 ఏళ్ళ కిందటి ఆ ప్రకటనను గుర్తుచేశాడు. తారీఖుతో బాకీ తీర్చుకోవడం అంటే ఇదే.

మన కార్డుల్లోనూ ఉన్నాయి. లాహోర్ కాంగ్రెస్ పిలుపు మీద 1930 జనవరి 26న పూర్ణ స్వరాజ్య దినం జరిపారు. రాజ్యాంగాన్ని 1949 నవంబర్ 26నే ఆమోదించినా పూర్తిగా అమల్లోకి తేవడానికి జనవరి 26 దాకా ఆగారు. ఆగస్ట్ 15 సంగతి వేరు. జపాన్ చక్రవర్తి లొంగుబాటును రేడియోలో ప్రకటించింది 1945 ఆగస్ట్ 15న. దాని రెండో వార్షికోత్సవం కాబట్టే ఆ తారీఖు పెట్టానని మౌంట్‌బాటెన్ తర్వాత చెప్పుకున్నాడు. 1948లో దక్షిణ కొరియా ప్రభుత్వం ఏర్పడింది కూడా అదే రోజు చూసుకునే. అంటే భారత్, కొరియాల తారీఖు కలవడం కాకతాళీయం కాదు, రెండూ ఒకే వేరు నుంచి మొలిచాయి. 1769లో నెపోలియన్ పుట్టడానికీ 1872లో అరవిందులు పుట్టడానికీ మాత్రం దీంతో ఏ సంబంధమూ లేదు.

44వ రోజు

నవంబర్ 9 ఒక్కటే ఒక పూట తినేసింది. జర్మన్లు దాన్ని "విధి దినం" అంటారు, వాళ్ళ చరిత్రలో ఎన్నో మలుపులు ఆ రోజున పడ్డాయి.

1918: జర్మన్ చక్రవర్తి కైజర్ గద్దె దిగినట్టు ప్రకటన, గణతంత్రం వచ్చింది. 1923: మ్యూనిక్‌లో ముందురోజు సాయంత్రం హిట్లర్ మొదలుపెట్టిన కుట్రను పోలీసులు కాల్పులతో అణిచేశారు. 1938: యూదుల ఇళ్ళ మీద, దుకాణాల మీద, ప్రార్థనామందిరాల మీద దాడులు. 1989: బెర్లిన్ గోడ తెరుచుకుంది.

మొదట నాలుగింటికీ "కాకతాళీయం" గాటు పెట్టబోయాను. ఆగి చదివితే కథ వేరు. 1938 నవంబర్ 9న నాజీ నాయకులంతా మ్యూనిక్‌లో ఒకచోట ఎందుకున్నారు? 1923 కుట్ర జ్ఞాపకార్థం ఏటా జరిపే సభకు వచ్చారు కాబట్టి. దాడులకు పురికొల్పిన మాటలు ఆ రాత్రి అక్కడి నుంచే బయలుదేరాయి. అంటే 1923 కార్డు 1938 కార్డును లాక్కొచ్చింది. దీన్ని కాకతాళీయం అనలేను. అలాగని ఎవరో క్యాలెండర్ చూసి పెట్టిన ముహూర్తమూ కాదు. 1989ది మాత్రం శుద్ధ పొరపాటు: తూర్పు జర్మనీ నాయకుడు షబోవ్‌స్కీ విలేఖరుల ముందు చేతిలోని కాగితం సరిగ్గా చూసుకోకుండా, ప్రయాణాలకు అనుమతి ఇప్పటి నుంచే అన్నాడు. జనం గోడ దగ్గరికి పరుగెత్తారు.

కథ అక్కడితో ఆగలేదు. తర్వాత జర్మనీ జాతీయ దినానికి నవంబర్ 9 ఎంచుకుందామనుకుంటే 1938 అడ్డొచ్చింది, అక్టోబర్ 3 పెట్టుకున్నారు. ఒక రోజును కావాలని ఎంచుకోకపోవడానికి నా పెట్టెలో చిల్లు లేదు.

47వ రోజు

జులై 4. 1826లో అమెరికా స్వాతంత్య్ర ప్రకటనకు 50 ఏళ్ళు నిండిన రోజునే జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ ఇద్దరూ పోయారు. 1831లో అదే రోజున జేమ్స్ మన్రో కూడా. మొదటి ఐదుగురు అధ్యక్షుల్లో ముగ్గురు!

కాకతాళీయం గాటు పెట్టి అక్కకు చూపించాను.

"ముందురోజు రాత్రి జెఫర్సన్ ఏమడిగాడో చదివావా?"

చదివాను. నాలుగో తారీఖు వచ్చిందా అని అడిగాడని మంచం దగ్గరున్నవాళ్ళు రాసిపెట్టారు. "ఆ రోజు దాకా ఊపిరి బిగబట్టుకున్నాడంటావా?" అన్నాను.

"నేనేం అనట్లేదురా. నువ్వు గాటు పెట్టేశావు, అంతే."

ఇంకో చిక్కు. తారీఖు అసలు అదేనా? కాంగ్రెస్ స్వాతంత్య్రానికి ఓటు వేసింది 1776 జులై 2న. నాలుగున ఆమోదించింది ప్రకటన పాఠాన్ని. ఎక్కువమంది సంతకాలు పడింది ఆగస్ట్ 2న. ముందుముందు పండుగ జరుపుకునేది జులై 2నే అని ఆడమ్స్ భార్యకు ఉత్తరం కూడా రాశాడు. ఆయన అనుకున్న రోజే పండుగయి ఉంటే ఈ కార్డు ఎవరికీ పట్టేది కాదు.

గాటు మూసేశాను, కాగితం పట్టీతో. ఆడమ్స్, మన్రో కార్డులు పదకొండో చిల్లుతో రాలతాయి. జెఫర్సన్ కార్డు చివరి మూడు చిల్లుల్లో దేంట్లో సూది దూర్చినా రాలదు, పైనే వేలాడుతుంది. వెనకాల పెన్సిల్‌తో ఒక ప్రశ్నార్థకం పెట్టాను.

52వ రోజు

ఇప్పటికి 1,140 కార్డులు, ఖాళీ రోజులు 21. పదో చిల్లులో సూది దూర్చి మొత్తం పెట్టెను విడతలు విడతలుగా ఎత్తితే 163 రాలాయి. వాటిని తారీఖుల వరసలో పేర్చి వేరే కట్టగా కట్టాను. జూన్ 28 కట్టలో 1919 వెర్సాయ్ శాంతి ఒప్పందం సంతకాల కార్డు ఉండాలా వద్దా అన్నది తేలలేదు. ఫెర్డినాండ్ హత్య జరిగి సరిగ్గా ఐదేళ్ళు, నిజమే. కానీ జర్మనీ షరతులకు తలవంచింది జూన్ 23న. ఆ తర్వాత ఐదు రోజుల్లో ఎప్పుడు పెట్టినా పెట్టొచ్చు. ప్రస్తుతానికి అది జెఫర్సన్ పక్కన, వేలాడేవాటిలో ఉంది.

పంచ్ కింది పళ్ళెం నిండిపోయింది. రేపు ఖాళీ చేయాలి, కొత్త కార్డులు అరవై కోయాలి.